‘ప్రయోగం’ అనే మాట: శ్రీహరికోట రాకెట్ వార్తల తెలుగు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

శ్రీహరికోట నుంచి జరిగే రాకెట్ ప్రయోగాలను పాఠకులకు అందించే క్రమంలో తెలుగు పత్రికా రచన అర్ధశతాబ్ది కాలంలో ఒక ప్రత్యేక పదజాలాన్ని స్థిరపరచుకుంది. ప్రయోగం, ప్రయోగ వేదిక, ముహూర్తం, వాహకనౌక, కక్ష్య, దూసుకెళ్లు, గతి తప్పు మొదలైనవి ఈ పదజాలంలో ముఖ్యమైనవి. వీటిలో ‘ప్రయోగం’ కీలకమైనది. శాస్త్ర పరీక్ష, అస్త్ర వినియోగం, రంగస్థల ప్రదర్శన, కర్మకాండ నిర్వహణ అనే నాలుగు అర్థాలు ఈ ఒక్క మాటలో ఉన్నాయి. వార్తల భాష వీటిలో చివరి మూడింటిని పెంచి, మొదటిదానిని కుదించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దీని ఫలితం వైఫల్యాన్ని చెప్పే వాక్యాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. స్థలం, కాలం, గమనం, నామకరణం, వైఫల్యం అనే ఐదు కోణాల నుంచి ఈ భాషను పరిశీలించి, అందులో చోటు దొరకని మనుషులను గుర్తుచేయడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: శ్రీహరికోట, ప్రయోగం, ప్రయోగ వేదిక, పత్రికాభాష, శాస్త్ర పరిభాష, వైఫల్యం, కర్తృలోపం.

1. ప్రవేశిక

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ కేంద్రం కోసం ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి రోహిణి-125 అనే చిన్న పరిశోధక రాకెట్ ఎగిరింది. 1979 ఆగస్టు 10న తొలి ఉపగ్రహ వాహకం ఎస్ఎల్వీ-3 విఫలమైంది. 1980 జూలై 18న రెండోసారి పంపిన ఎస్ఎల్వీ-3, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. 2025 జనవరి 29న జరిగిన జీఎస్ఎల్వీ-ఎఫ్15తో ఈ కేంద్రం నుంచి జరిగిన ప్రయోగాల సంఖ్య నూరుకు చేరింది.

దేశంలోని ప్రధాన రాకెట్ కేంద్రం తెలుగు నేలమీద ఉండడం వల్ల ఈ ప్రయోగాలు తెలుగు పత్రికలకు జాతీయ వార్తలు మాత్రమే కాలేదు, స్థానిక వార్తలు కూడా అయ్యాయి. సూళ్లూరుపేట విలేకరి రాసిన వార్త ఢిల్లీ సంస్థ పంపిన వార్త పక్కనే అచ్చయ్యే పరిస్థితి మరే శాస్త్ర విషయానికీ ఇంత తరచుగా ఏర్పడలేదు. అందువల్ల ఇంగ్లీషు ప్రకటనల అనువాదంగా మొదలైన భాష కాలక్రమంలో సొంత నుడికారాన్ని సంపాదించుకుంది. ఆ నుడికారం ఏమి చెబుతోంది, ఏమి చెప్పకుండా వదిలేస్తోంది అన్నది సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్నే. ఒక సమాజం విజ్ఞానాన్ని ఎలా ఊహించుకుంటుందో కథలూ కవితలూ చెప్పినంతగా వార్తా వాక్యాలు కూడా చెబుతాయి. ఈ వ్యాసం ఏ ఒక్క పత్రికనో, ఏ ఒక్క వార్తనో లక్ష్యంగా చేసుకోలేదు. పాఠకులందరికీ పరిచితమై, ఎవరిదీ కాని ఉమ్మడి సొత్తుగా మారిన పదబంధాలనే పరిశీలనకు తీసుకుంది.

2. ‘ప్రయోగం’: నాలుగు అర్థాలు

ఇంగ్లీషులో రాకెట్‌ను పంపడానికీ శాస్త్ర పరీక్షకూ వేర్వేరు మాటలున్నాయి. ‘లాంచ్’ వేరు, ‘ఎక్స్‌పెరిమెంట్’ వేరు. తెలుగు ఈ రెంటికీ ‘ప్రయోగం’ అనే మాటనే వాడుతుంది. ప్రయోగశాలలో జరిగేదీ ప్రయోగమే, ప్రయోగ వేదిక మీద జరిగేదీ ప్రయోగమే.

ఆ మాటకు ఇంకా పాత అర్థాలున్నాయి. బ్రహ్మాస్త్ర ప్రయోగం వంటి సమాసాల్లో అది ఆయుధాన్ని శత్రువుపై విడవడం. నాట్యశాస్త్ర పరిభాషలో అది నాటకాన్ని రంగం మీద ప్రదర్శించడం. పురోహితుల వాడుకలో అది కర్మను విధి ప్రకారం నడిపించడం, అలాంటి విధానాలను చెప్పే పుస్తకాలను ప్రయోగ గ్రంథాలంటారు. పల్లె వాడుకలో ‘ఎవరో ప్రయోగం చేశారు’ అంటే చేతబడి అనే అర్థం కూడా ఉంది. వ్యాకరణంలో కర్తరి, కర్మణి ప్రయోగాలు సరేసరి.

ఇన్ని అర్థాలున్న మాటను ఎంచుకోవడం లోపం కాదు, పైగా అది గొప్ప అవకాశం. రాకెట్‌ను పంపడాన్ని ‘ప్రయోగం’ అనడంలో ఒక నిజాయితీ ఉంది. ఫలితం ముందుగా తెలియనిదే ప్రయోగం. విఫలమైనా ప్రయోగం ప్రయోగమే, దానినుంచి నేర్చుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది. ‘లాంచ్’ అనే ఇంగ్లీషు మాటలో ఈ సూచన లేదు. అయితే ఒక మాటలోని ఏ అర్థం పాఠకుని మనసులో మేలుకొంటుందన్నది దాని చుట్టూ చేరే మాటలను బట్టి ఉంటుంది. తెలుగు వార్తల్లో ‘ప్రయోగం’ చుట్టూ చేరినవి వేదిక, ముహూర్తం, పూజ, శరం, దూసుకెళ్లడం, తిలకించడం. ఇవన్నీ అస్త్రానికీ రంగస్థలానికీ కర్మకాండకూ చెందిన మాటలు. ప్రయోగశాలను గుర్తుచేసే పరీక్ష, పరికల్పన, కొలత, సవరణ వంటి మాటలు దాని దరిదాపుల్లో తక్కువగా కనిపిస్తాయి.

3. స్థలం: ‘వేదిక’ కింద దాగినది

‘లాంచ్ ప్యాడ్’కు తెలుగులో స్థిరపడిన మాట ‘ప్రయోగ వేదిక’. వేదిక అంటే సభకు ఎత్తుగా కట్టిన అరుగు, యజ్ఞానికి కట్టిన తిన్నె. ప్రయోగం, వేదిక అనే రెండు మాటలు కలిసినప్పుడు నాటక ప్రదర్శన, యాగ నిర్వహణ అనే రెండు చిత్రాలూ సహజంగానే మనసుకు వస్తాయి. ప్రయోగానికి ముందు ఇస్రో అధికారులు రాకెట్ నమూనాతో తిరుమల శ్రీవారిని, సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకోవడం, ఆ ఛాయాచిత్రం ప్రయోగ వార్తకు తోడుగా అచ్చుకావడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీ తప్పొప్పులు ఈ వ్యాస విషయం కాదు. యజ్ఞవేదిక అనే అర్థానికి ఆ చిత్రం బలం చేకూరుస్తుందన్నదే ఇక్కడ గమనార్హం. 2019 ఏప్రిల్ 1న పీఎస్ఎల్వీ-సి45 ప్రయోగంతో సందర్శకుల గ్యాలరీ అందుబాటులోకి వచ్చాక రంగస్థలం అనే రెండో అర్థానికి కూడా ప్రత్యక్ష రూపం ఏర్పడింది. ప్రేక్షకులు వచ్చి ‘తిలకిస్తారు’. తిలకించడం దృశ్యానికి చెందిన క్రియ, అర్థం చేసుకోవడానికి చెందినది కాదు.

నిజమైన ప్రయోగ వేదిక అరుగు కాదు, అది ఒక యంత్రం. శ్రీహరికోటలోని మొదటి వేదిక 1993 సెప్టెంబర్ 20న జరిగిన తొలి పీఎస్ఎల్వీ ప్రయోగం నుంచి వాడుకలో ఉంది. అక్కడ రాకెట్ దశలను వేదిక మీదనే ఒకదానిపై ఒకటి కూర్చేందుకు వీలుగా 76 మీటర్ల ఎత్తైన కదిలే గోపురాన్ని నిర్మించారు. ప్రయోగానికి ముందు ఆ గోపురం పట్టాల మీద వెనక్కి తొలగిపోతుంది. 2005 మే 5న పీఎస్ఎల్వీ-సి6తో మొదలైన రెండో వేదిక పద్ధతి వేరు. అక్కడ రాకెట్‌ను విడిగా ఒక భవనంలో కదిలే పీఠం మీద నిలువుగా కూర్చి, పీఠంతో సహా పట్టాల మీద వేదిక దగ్గరకు తీసుకువస్తారు. ఒక రాకెట్ వేదిక మీద ఉండగానే మరొకదాని కూర్పు మొదలుపెట్టడానికి ఈ పద్ధతి వీలిస్తుంది. వేదిక అడుగున మంటను పక్కకు మళ్లించే కందకం ఉంటుంది. అది లేకపోతే రాకెట్ విడిచే వాయువులూ ధ్వని తరంగాలూ తిరిగి రాకెట్‌నే దెబ్బతీస్తాయి. చుట్టూ పిడుగుల నుంచి కాపాడే స్తంభాలుంటాయి.

రాకెట్ పక్కన నిలబడే గోపురాన్ని ‘అంబిలికల్ టవర్’ అంటారు. ఆ మాటకు మూలం బొడ్డు. చివరి క్షణాల వరకు ఇంధనం, విద్యుత్తు, సంకేతాలు ఆ గోపురపు గొట్టాల ద్వారానే రాకెట్‌కు అందుతాయి. రాకెట్ లేచేటప్పటికి ఆ బంధం తెగిపోతుంది. ‘పేగు తెంచుకు పుట్టడం’ అనే నుడికారం తెలుగులో సిద్ధంగానే ఉంది. అయినా ప్రయోగ వర్ణనకు తెలుగు వార్త ఈ కాన్పు భాషను తీసుకోలేదు, బాణపు భాషను తీసుకుంది. కాన్పు భాషలో అపాయం ఉంది, ఎదురుచూపు ఉంది, సాయపడే చేతులున్నాయి. బాణపు భాషలో విలుకాడు, లక్ష్యం మాత్రమే ఉంటారు.

2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం శ్రీహరికోటలో మూడో వేదికకు 3,984.86 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. రాబోయే తరం భారీ వాహకాల కోసం దీనిని ఉద్దేశించారు. అరుగు అనే ఊహతో ఈ మొత్తాన్ని చదివే పాఠకునికి అది అర్థం కాని అంకెగానే మిగులుతుంది. గోపురం, పీఠం, కందకం, పట్టాలు, ఇంధన నిల్వలు అని విడమరచి చెప్పినప్పుడే ఆ ఖర్చుకు అర్థం ఏర్పడుతుంది.

4. కాలం: ముహూర్తం, సున్న, ఆగడం

ప్రయోగ తేదీ ప్రకటించగానే ‘ముహూర్తం ఖరారు’ అనే శీర్షిక పెట్టడం పరిపాటి. ఈ మాట పూర్తిగా అసంగతం కాదు. పెళ్లి ముహూర్తం వలెనే ప్రయోగ సమయం కూడా ఆకాశంలోని స్థితిగతుల మీద ఆధారపడుతుంది. తేడా అంతా కారణంలో ఉంది. చంద్రయాన్-3 ప్రయోగానికి 2023 జూలై 12 నుంచి 19 వరకు గడువును ఎంచుకోవడానికి భూమి, చంద్రుల స్థానాలూ, దిగే చోట సూర్యకాంతి లభ్యతా కారణాలు. అదే నెల 30న జరిగిన పీఎస్ఎల్వీ-సి56 ప్రయోగాన్ని ఒక నిమిషం ఆలస్యం చేశారు. అంతరిక్షంలో తిరుగుతున్న వస్తువులు దాని దారికి దగ్గరగా రావడమే అందుకు కారణం. ఆ ఒక్క నిమిషం వెనుక ఉన్న గణన ఏ పంచాంగ గణనకూ తీసిపోదు. ‘ముహూర్తం’ అని రాసి ఊరుకుంటే పాఠకుడు ఆ గణనను శుభాశుభాల లెక్కగా పొరబడతాడు. ‘ముహూర్తం’ అని రాసి కారణాన్ని ఒక వాక్యంలో చెబితే ఆ పాత మాటకే కొత్త అర్థం సమకూరుతుంది.

కౌంట్‌డౌన్ సంగతి మరింత ఆసక్తికరం. ఇంజనీర్ల కంటే ముందు దీనిని ప్రసిద్ధికి తెచ్చింది సినిమా. 1929లో జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘చంద్రునిలో స్త్రీ’ అనే మూకీ చిత్రంలో ఉత్కంఠ కోసం అంకెలను వెనక్కి లెక్కించారు. అంటే రంగస్థల అర్థం ఈ పద్ధతికి మొదటినుంచీ ఉన్నదే. నిజజీవితంలో కౌంట్‌డౌన్ పనుల జాబితా. చంద్రయాన్-3కు అది 25 గంటల 30 నిమిషాలు సాగింది. ఏ దశలో ఏ ఇంధనం నింపాలి, ఏ పరీక్ష పూర్తికావాలి అన్న క్రమమే దాని సారం. వార్తల్లో మిగిలేది మాత్రం చివరి పది అంకెలు.

తెలుగువారి లెక్క సంప్రదాయంతో పోల్చి చూస్తే ఈ లెక్కలోని వింత తెలుస్తుంది. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి పైకి లెక్కిస్తారు. కట్నం చదివించేటప్పుడు సున్నతో ముగియకుండా నూటపదహార్లు ఇస్తారు. సున్నను అంతగా తప్పించుకునే సమాజం శ్రీహరికోట విషయంలో సున్న కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంది. ఈ లెక్కకు తెలుగు మాట స్థిరపడకపోవడం, ‘కౌంట్‌డౌన్’ అనే మాటే పల్లెలకు కూడా చేరడం బహుశా అందుకే ఆశ్చర్యం కలిగించదు.

ఈ కాలభాషలో అసలు కొరత మరొకచోట ఉంది. కౌంట్‌డౌన్‌లో ముఖ్యమైన ఘట్టం సున్న మాత్రమే కాదు, ఆగడం కూడా. 2013 ఆగస్టు 19న జీఎస్ఎల్వీ-డి5 రెండో దశలో ఇంధనం కారుతున్నట్టు గమనించి ప్రయోగాన్ని ఆపారు. సవరించిన వాహకం 2014 జనవరి 5న విజయం సాధించింది. 2019 జూలై 15న చంద్రయాన్-2ను 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపి, 22న పంపారు. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ పరీక్షా వాహకం టీవీ-డి1ను కంప్యూటర్ సరిగ్గా 5 సెకన్ల ముందు నిలిపివేసింది. కారణం తెలుసుకుని అదే ఉదయం 10 గంటలకు పంపారు. మూడు సందర్భాల్లోనూ ఆగడమే కాపాడింది. తెలుగు వార్తలో దీనికి ‘నిలిచిపోయింది’, ‘వాయిదా పడింది’, ‘రద్దయింది’, ‘బ్రేక్ పడింది’ అనే మాటలు ఒకదాని బదులు ఒకటి వాడుకలో ఉన్నాయి. వీటిలో ఆటంకమే ధ్వనిస్తుంది, జాగ్రత్త ధ్వనించదు. నిలుపుదల, వాయిదా, రద్దు అనేవి మూడు వేర్వేరు నిర్ణయాలు. మొదటిది నిమిషాలకు, రెండోది రోజులకు, మూడోది ఆ ప్రయత్నమంతటికీ సంబంధించినది. ఈ భేదాన్ని పాటించడానికి కొత్త మాటలేవీ అవసరం లేదు, ఉన్నవాటిని వాటి వాటి చోట వాడితే చాలు.

5. గమనం: నింగి ఎత్తా, కక్ష్యా?

‘నిప్పులు చిమ్ముతూ నింగిలోకి దూసుకెళ్లింది’ అనే వాక్యాన్ని తెలుగు ప్రయోగ వార్తలకు మకుటం అనవచ్చు. నకార, నికారాల ఆవృత్తి వల్ల అది చెవికి ఇంపుగా ఉంటుంది. అందుకే అంతగా నిలిచింది. కాని వేదిక మీది భారీ రాకెట్ మొదట దూసుకెళ్లదు, లేస్తుంది. సుమారు 640 టన్నుల ఎల్వీఎం3 తన బరువును తానే మోస్తూ మెల్లగా కదిలి, ఇంధనం తరిగేకొద్దీ వేగం పుంజుకుంటుంది. లేచేటప్పుడు మండేవి పక్కనున్న రెండు ఘన ఇంధన మోటార్లు మాత్రమే. మధ్యలోని ద్రవ ఇంజన్లు దాదాపు రెండు నిమిషాలకు, గాలిలో ఉండగా మండుతాయి.

‘నింగిలోకి’ అనే మాటతో మరో చిక్కు ఉంది. అది పైకి వెళ్లడాన్నే సూచిస్తుంది. 1971 నాటి పరిశోధక రాకెట్ నిజంగా అలాంటిదే, పైకి వెళ్లి తిరిగి సముద్రంలో పడడం దాని పని. ఉపగ్రహ వాహకం పని వేరు. అది పైకి లేచి, సముద్రం వైపు ఒరిగి, అడ్డంగా సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల వేగాన్ని సాధించాలి. దిగువ కక్ష్య ఎత్తు 500 కిలోమీటర్లు అనుకుంటే అది శ్రీహరికోట నుంచి హైదరాబాదు రోడ్డు దారి పొడవుకు దరిదాపుల్లో ఉంటుంది. కష్టమంతా ఆ ఎత్తులో లేదు, ఆ అడ్డపు వేగంలో ఉంది. ధ్రువ కక్ష్యకు వెళ్లే పీఎస్ఎల్వీ శ్రీలంక మీదుగా పోకుండా దారి మళ్లించుకోవడానికి అదనపు ఇంధనం ఖర్చు చేస్తుంది. ఈ వంపు భారం తప్పించడం తమిళనాడులోని కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రాన్ని తలపెట్టడానికి ఒక కారణం. ‘నింగిలోకి’ అనే మాట ఈ వంపును చెప్పలేదు.

దీనికి విరుగుడు తెలుగు పరిభాషలోనే ఉంది. ‘కక్ష్య’ సిద్ధాంత జ్యోతిషంలో గ్రహాల దారికి వాడిన మాట, మొలనూలు, ఒడ్డాణం వంటి చుట్టుకొనే వస్తువు అనే అర్థం దానికి ఉంది. భూమి చుట్టూ కట్టిన నూలు అనే ఈ ఊహ ‘నింగి’ కంటే ఎంతో కచ్చితమైనది. ‘రోదసి’ మరో ఉదాహరణ. సంస్కృతంలో ఈ మాట భూమ్యాకాశాలు రెంటినీ కలిపి చెబుతుంది. తెలుగు దానిని అంతరిక్షానికి మాత్రమే పరిమితం చేసింది. ‘ఉపగ్రహం’ ముందు తొలినాళ్లలో తప్పక ఉండిన ‘కృత్రిమ’ అనే విశేషణం నేడు దాదాపు రాలిపోయింది. మాటలు ఇలా మారడం సహజం. అయితే పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థికి ఈ విషయాన్ని తొలిసారి పరిచయం చేసేది చాలాసార్లు పాఠ్యపుస్తకం కాదు, వార్తాపత్రికే. రాకెట్ ఎందుకు కిందపడకుండా తిరుగుతుందో ‘దూసుకెళ్లడం’ అతనికి చెప్పదు. ‘కక్ష్యలో పరిభ్రమించడం’ చెప్పగలదు.

6. పేర్లు: శరం నుంచి బాహుబలి దాకా

శ్రీహరికోట కేంద్రపు ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలు కలిసి ‘షార్’ అయ్యాయి. 2002 సెప్టెంబర్‌లో ఆ కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టిన తరువాత కూడా ఆ పొట్టిపేరు మిగిలింది. తెలుగు చెవికి అది ‘శరం’తో సులభంగా కలిసిపోతుంది. అస్త్ర ప్రయోగం అనే అర్థానికి ఈ ధ్వనిసామ్యం కూడా తోడ్పడింది.

జీఎస్ఎల్వీ మార్క్-3, నేటి ఎల్వీఎం3, 2017 జూన్ 5న తొలి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. బాహుబలి చిత్రపు రెండో భాగం విడుదలై అప్పటికి ఆరు వారాలు కూడా కాలేదు. ఆ రాకెట్‌కు ‘బాహుబలి’ అనే పేరు అతుక్కుపోయి తెలుగు ఎల్లలు దాటింది. ఈ పేరులో ఔచిత్యం లేకపోలేదు. రాకెట్‌కు రెండు పక్కలా ఉన్న ఘన ఇంధన మోటార్లే దాని బాహువులు. లేచేటప్పటి బలమంతా ఆ బాహువులదే. వాడుక భాష తనంతట తాను కల్పించుకున్న పేరు యంత్ర నిర్మాణానికి ఇంతగా సరిపోవడం అరుదు.

అయితే సినిమా పేరు సినిమా కథనాన్ని కూడా వెంట తెస్తుంది. కథానాయకుడు ఓడకూడదు. జైన పురాణంలోని బాహుబలి గెలిచిన రాజ్యాన్ని వదిలి తపస్సుకు వెళ్లినవాడు, గెలుపోటములను దాటినవాడు. తెర మీది బాహుబలి అలాంటివాడు కాడు. రాకెట్‌ను నాయకునిగా నిలిపిన భాష వైఫల్యం ఎదురైనప్పుడు ఇబ్బంది పడుతుంది.

7. వైఫల్యపు వ్యాకరణం

తెలుగు సహజంగా కర్మణి వాక్యాన్ని ఇష్టపడదు. ‘ప్రయోగించబడింది’ అని రాసేవారు తక్కువ. దానికి బదులు తెలుగు అకర్మక క్రియను ఆశ్రయిస్తుంది. ఈ లక్షణం విజయ వార్తకూ వైఫల్య వార్తకూ మధ్య ఒక వ్యాకరణ భేదాన్ని కల్పించింది.

విజయంలో కర్త ఉంటాడు: ‘ఇస్రో సాధించింది’, ‘శాస్త్రవేత్తలు సత్తా చాటారు’. వైఫల్యంలో కర్త తప్పుకుంటాడు: ‘లోపం తలెత్తింది’, ‘సమస్య ఏర్పడింది’, ‘రాకెట్ గతి తప్పింది’. ఇక్కడ లోపమే కర్త. అది ఎక్కడినుంచో వచ్చి పాములా తల ఎత్తుతుంది. ఎవరూ చేయని పనిగా, ఎవరూ సరిదిద్దనక్కరలేని పనిగా అది వినిపిస్తుంది. ఇస్రో ఇంగ్లీషు ప్రకటనల్లోని ‘అనామలీ’ కూడా ఇలాంటి మెత్తని మాటే. అంతా అనుకున్నట్టు సాగితే తెలుగు ‘సవ్యంగా’ అంటుంది. ‘సవ్యం’కు ఎదురుగా ‘అపసవ్యం’ అనే మాట సిద్ధంగా ఉంది, అయినా వార్త దాని జోలికి పోదు.

కర్తృలోపం కంటే నష్టం కలిగించేది ‘విజయం’, ‘విఫలం’ అనే రెండే గడుల్లో అన్నిటినీ సర్దడం. నూరో ప్రయోగాన్నే చూడవచ్చు. జీఎస్ఎల్వీ-ఎఫ్15 తన పనిని పూర్తిచేసి ఎన్‌వీఎస్-02ను నిర్దేశిత బదిలీ కక్ష్యలో విడిచింది. ఆ తరువాత ఉపగ్రహపు కవాటాలు తెరుచుకోకపోవడంతో దాని కక్ష్యను పెంచడం సాధ్యపడలేదు. ప్రయోగం విజయమా, విఫలమా? వాహకం గెలిచింది, ఉపగ్రహ యాత్ర నెరవేరలేదు. దీనికి భిన్నమైనది 2022 ఆగస్టు 7 నాటి ఎస్ఎస్ఎల్వీ తొలి ప్రయోగం. మూడు ఘన దశలూ పనిచేశాయి. కాని సెన్సర్ల సంకేతాలలో ఏర్పడిన తేడాను వాహకపు తర్కం తప్పుగా గ్రహించినందువల్ల 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు ఒక కొస 76 కిలోమీటర్లకు దిగిన దీర్ఘవృత్తంలో ఉపగ్రహాలు పడి పనికిరాకుండా పోయాయి. 2025 మే 18న పీఎస్ఎల్వీ-సి61లో మూడో దశ దగ్గరే యాత్ర ముగిసింది. 2019 సెప్టెంబర్ 7న చంద్రుని మీద విక్రమ్ సాఫీగా దిగలేకపోయినా, చంద్రయాన్-2 కక్ష్యానౌక తన పని కొనసాగించింది. ఇవి నాలుగు రకాల ఫలితాలు. వీటన్నిటినీ ఒకే మాటతో చెప్పడం వల్ల ఎవరు ఏమి నేర్చుకున్నారో పాఠకునికి తెలియకుండా పోతుంది.

ఇందుకు ఎదురుగా 1979 నాటి ఒక సంఘటన నిలుస్తుంది. ఎస్ఎల్వీ-3 విఫలమైనప్పుడు విలేకరుల ముందుకు వచ్చి బాధ్యతను తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధవన్. మరుసటి ఏడాది విజయం తరువాత ఆయన విలేకరులతో మాట్లాడే అవకాశాన్ని ఆ వాహక పథక సారథి అబ్దుల్ కలాంకు అప్పగించారు. కలాం తన ప్రసంగాల్లో దీనిని పలుమార్లు గుర్తుచేసుకున్నారు. సాధారణంగా దీనిని నాయకత్వ లక్షణానికి ఉదాహరణగా చెబుతారు. భాషాపరంగా చూస్తే వైఫల్య వాక్యంలో కర్తను నిలపడమే ఇందులోని విశేషం. ‘లోపం తలెత్తింది’ అనడానికీ ‘మేము చేసిన ఏర్పాటులో ఇది తప్పింది, దీనిని సరిచేస్తాం’ అనడానికీ మధ్య ఉన్న దూరమే అస్త్ర ప్రయోగానికీ శాస్త్ర ప్రయోగానికీ మధ్య ఉన్న దూరం. తప్పిన అస్త్రం అవమానం. తప్పిన ప్రయోగం తరువాతి ప్రయోగానికి పాఠం.

8. ఈ భాషలో కనిపించనివారు

అస్త్రం, వేదిక, నాయకుడు అనే చిత్రాల్లో చాలామందికి చోటు దొరకదు. రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవిలో యానాదులు జీవించారు. అడవి ఫలసాయం మీద, పులికాట్ చేపల మీద వారి బతుకు సాగింది. దీవిని సేకరించాక అక్కడి జీవనం మారిపోయింది, పలు కుటుంబాలు తరలిపోవలసి వచ్చింది. యానాది అనే పేరును ‘అనాది’తో కలిపి చెప్పడం జనవాడుకలో ఉంది. ఆ వ్యుత్పత్తి ఎలా ఉన్నా, ఆ నేలకు ఆది అని చెప్పుకునే వారి ప్రస్తావన ప్రయోగ వార్తలో చాలా అరుదు. ప్రయోగ దినాల్లో నిర్దేశిత సముద్ర ప్రాంతంలోకి వెళ్లవద్దని జాలరులను హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక వార్తలో ఒక పంక్తిగా వస్తుంది. ఆ రోజు వేటకు పోని పడవ గురించి రెండో పంక్తి రాదు.

కేంద్రం లోపల పనిచేసేవారి సంగతీ అంతే. 2004 ఫిబ్రవరిలో శ్రీహరికోటలో ఘన ఇంధనానికి సంబంధించిన పనుల్లో జరిగిన ప్రమాదంలో ఆరుగురు మరణించారు. ‘శాస్త్రవేత్తలు’ అనే ఒక్క బహువచనం కింద ఇంధనం పోతపోసేవారు, కవాటాలు పరీక్షించేవారు, పట్టాలు చూసుకునేవారు, అగ్నిమాపక సిబ్బంది అందరూ కనుమరుగవుతున్నారు. ప్రయోగశాల అనే అర్థం బలంగా ఉంటే ఆ శాలలో పనిచేసేవారు కూడా కనిపించేవారు. రంగస్థలం అనే అర్థం తెర వెనుకవారిని చూపదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

‘ప్రయోగం’ అనే మాట రాకెట్ యాత్రకు తెలుగు చేసిన మంచి ఎంపిక. పరీక్ష అనే అర్థాన్ని అది మొదటినుంచీ తనలో ఉంచుకుంది. అయితే వేదిక, ముహూర్తం, దూసుకెళ్లడం, తిలకించడం, బాహుబలి వంటి సహచర పదాలు ఆ మాటను అస్త్రం, ప్రదర్శన, కర్మ అనే అర్థాల వైపు నడిపించాయి. ఈ మూడు అర్థాల్లోనూ వైఫల్యానికి గౌరవప్రదమైన చోటు లేదు. అందువల్లనే వైఫల్య వాక్యాల్లో కర్త లోపిస్తున్నాడు, రకరకాల ఫలితాలు ఒకే మాటలోకి కుదించుకుపోతున్నాయి.

సవరణకు కొత్త పరిభాషా కోశం అవసరం లేదు. నిలుపుదల, వాయిదా, రద్దులను వేరుచేయడం, వాహకం ఫలితాన్నీ ఉపగ్రహం ఫలితాన్నీ విడిగా చెప్పడం, ‘నింగి’ ఉన్న వాక్యం పక్కన ‘కక్ష్య’ ఉన్న వాక్యాన్ని రాయడం, లోపాన్ని చెప్పేటప్పుడు దానిని ఎవరు, ఎలా గుర్తించారో చెప్పడం అనే నాలుగు పనులు ఉన్న మాటలతోనే సాధ్యం. సంప్రదాయ పదాలను తొలగించాలన్నది ఈ వ్యాస ఉద్దేశం కాదు. ముహూర్తానికి గణన తోడైతే, వేదికకు కందకం తోడైతే ఆ మాటలే శాస్త్రాన్ని మోయగలవు.

మనుషులతో సాగే గగన్‌యాన్‌కు సన్నాహాలు జరుగుతున్నాయి. వేదిక మీద నిలబడే ఆ రాకెట్ కొసన మనుషులు కూర్చుంటారు. ఆ రోజున 5 సెకన్ల ముందు లెక్క ఆగితే, ఆ ఆగడాన్ని ‘బ్రేక్ పడింది’ అని రాయాలా, ‘ముగ్గురి ప్రాణాల కోసం ఆపారు’ అని రాయాలా అన్న ఎంపిక తెలుగు వార్తా రచయిత ముందుంటుంది. ఆ వాక్యానికి కావలసిన భాషను ఇప్పటినుంచే సిద్ధం చేసుకోవలసి ఉంది.